గుంటలో ఈత, గుట్ట మీద సాయంత్రం

శనివారం సాయంత్రం లైప్‌జిగ్‌లో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా, తెల్లారితే కర్ఫ్యూ పెడతారేమో అన్నంత హడావిడి. పాలు, బ్రెడ్డు, పుచ్చకాయలు, సాసేజిల ప్యాకెట్లు, బొగ్గుల సంచులు... ట్రాలీలు పొర్లిపోతుంటాయి. హైదరాబాద్ నుంచి కొత్తగా దిగిన కుర్రాడు, "రేపేమైనా బందా?" అని అడుగుతాడు. ఒకరకంగా బందే. ప్రతి ఆదివారమూ బందే. పైగా అది అలవాటు కాదు, రాజ్యాంగం. 1919లో వైమార్ రిపబ్లిక్ రాసుకున్న రాజ్యాంగంలో 139వ అధికరణం ఆదివారాన్నీ పండగ రోజుల్నీ పనికి సెలవిచ్చి మనసు తేలికపరుచుకునే రోజులుగా కాపాడాలంది. ఆ రిపబ్లిక్ పద్నాలుగేళ్లకే హిట్లర్ చేతిలో చచ్చిపోయింది. 1949లో పశ్చిమ జర్మనీ కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ పాత అధికరణాన్ని ఒక్క ముక్కా మార్చకుండా తెచ్చి 140వ అధికరణంలో అతికించుకుంది. ఆదివారం పొద్దున కాఫీకి పాలు లేక పక్కింటి తలుపు తట్టే తెలుగు ఇల్లాలికి తెలియకపోవచ్చుగానీ, ఆమెను ఇబ్బంది పెట్టింది ఓ చచ్చిపోయిన రిపబ్లిక్.

ఆ రోజు చప్పుడు కూడా చెయ్యకూడదు. గోడకి మేకు కొట్టకూడదు, గడ్డి కోసే యంత్రం తియ్యకూడదు, ఖాళీ సీసాలు తీసుకెళ్లి వీధి చివర గాజు డబ్బాలో పడెయ్యకూడదు. ఈ వ్యాసం రాస్తున్న మనిషి వచ్చిన కొత్తల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా డ్రిల్లింగ్ మెషిన్ అందుకుని వినాయకుడి పటం తగిలించబోయాడు. రెండో నిమిషంలో పై అంతస్తు పెద్దావిడ తలుపు దగ్గర నిలబడింది. కోప్పడలేదు. "ఇవాళ ఆదివారం" అంది, అంతే. పటం సోమవారం దాకా గోడకి ఆనుకునే ఉంది.

మరీ అవసరమైతే రైల్వే స్టేషన్‌కి పోవాలి. ప్రయాణికుల పేరు చెప్పి అక్కడి అంగళ్లకి మినహాయింపు ఉంది. 1915లో పూర్తయిన ఈ స్టేషన్‌కి ముందువైపు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండే రెండు పెద్ద హాళ్లు కనిపిస్తాయి. ఒక ఊరికి రెండు ముఖద్వారాలెందుకంటే, పడమటి సగం ప్రష్యా రైల్వేది, తూర్పు సగం సాక్సనీ రాజుగారి రైల్వేది. 1871లోనే జర్మనీ ఒక్క దేశమైంది. నలభై ఏళ్లు గడిచినా రైళ్లు మాత్రం ఎవరివి వారివే. బెజవాడలో నిజాం రైలు, మద్రాసు రైలు ఎదురుపడిన రోజుల కథలు విన్నవాళ్లకి ఇదేమంత వింతగా ఉండదు. ఈ దేశం కొత్తది, రాజ్యాలు పాతవి. బడులకి వేసవి సెలవులు కూడా ఇప్పటికీ పదహారు రాష్ట్రాలకీ ఒకేసారి ఇవ్వరు. అందరూ ఒక్క రోజే కార్లేసుకుని సముద్రం వైపు బయల్దేరితే రోడ్లు ఆగిపోతాయని రాష్ట్రానికో తేదీ. బవేరియా పిల్లలకి ఎప్పుడూ అందరికంటే చివరే.

ఇక ఎండ సంగతి. జూన్ నెలాఖరులో లైప్‌జిగ్‌లో ఐదు గంటలకే తెల్లారిపోతుంది, రాత్రి తొమ్మిదిన్నరకి గానీ పొద్దుగుంకదు. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మలు "ఇంకా దీపాలు పెట్టే వేళ కాలేదా?" అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ముప్పై ఐదు డిగ్రీలకే ఇంత గగ్గోలు దేనికని మనకి అనిపిస్తుంది గానీ, ఇక్కడి ఇళ్లు చలికి కట్టినవి. లోపలికి దూరిన వేడి బయటికి పోదు, సీలింగ్ ఫ్యాన్ ఉన్న ఇల్లు వెతికినా దొరకదు, ఏసీ అంటే ఇప్పటికీ ఆఫీసుల వ్యవహారమే. 2019 జులై 25న దేశం పడమటి వైపు 41.2 డిగ్రీలు నమోదైనప్పుడు జనం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఎండ ముదిరితే పిల్లల్ని బడి నుంచి ముందే ఇంటికి పంపేస్తారు. ఆ సెలవుకి 'హిట్సెఫ్రై' అని పేరు. 1892లో ప్రష్యా ప్రభుత్వం పెట్టిన లెక్క ప్రకారం పొద్దున పదింటికి నీడలో 25 డిగ్రీలుంటే చాలు, బడి కుదించెయ్యాలి. రెంటచింతల పిల్లలు వింటే నవ్వుతారు.

అలాంటి రోజు మధ్యాహ్నం నుంచే ఊరు దక్షిణానికి కదుల్తుంది. సైకిళ్ల మీద, ట్రాముల్లో, వెనక బండిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, అందరి దారీ కొస్పూడెన్ చెరువుకే. ఊరి నడిబొడ్డు నుంచి అడవి నీడలో సైకిల్ తొక్కితే ముప్పావుగంట కూడా పట్టదు. తెల్లని ఇసుక, అడుగు కనిపించే నీళ్లు, తెరచాప పడవలు, ఒడ్డున ఫ్రెంచ్ ఫ్రైస్ వాసన. మొదటిసారి చూసినవాడు ఇది దేవుడిచ్చిన సరస్సే అనుకుంటాడు. పాతికేళ్ల క్రితమే దీనిలో మొదటిసారి జనం ఈతకు దిగారు. అంతకుముందు ఇది బొగ్గు గని.

తూర్పు జర్మనీకి చమురు లేదు, చెప్పుకోదగ్గ నల్ల బొగ్గూ లేదు. ఉన్నదల్లా భూమికి కాస్త లోతునే దొరికే గోధుమరంగు బొగ్గు, లిగ్నైట్. 1980లలో ఆ చిన్న దేశం ఏడాదికి 30 కోట్ల టన్నుల దాకా లిగ్నైట్ తవ్వి పారేసింది. ప్రపంచంలో ఇంకెవరూ అంత తవ్వలేదు. కరెంటు దానితోనే, ఇంట్లో పొయ్యి దానితోనే, రసాయనాల ఫ్యాక్టరీలు దానితోనే. ఆరేసిన దుప్పట్ల మీద మసి పడేదని, పక్కనున్న ప్లైసె నది నురగలు కక్కేదని ఇక్కడి పెద్దవాళ్లు చెబుతారు. ఓపెన్‌కాస్ట్ గని అడ్డొచ్చిన ప్రతి ఊరినీ మింగింది. కొస్పూడెన్ అన్నది కూడా ముందు చెరువు పేరు కాదు, గనికోసం తుడిచిపెట్టిన పల్లె పేరు. రామగుండం, భూపాలపల్లి వైపు సొంత ఊళ్లున్న తెలంగాణ కుర్రాళ్లు ఈ కథ సగంలోనే అందుకుంటారు. బొగ్గు దుమ్మూ, పునరావాసం కాలనీ, గుడి మాత్రమే మిగిలిన ఊరు - ఏదీ వాళ్లకి కొత్త కాదు.

తేడా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. కొస్పూడెన్ గని 1981లో మొదలైంది. ఊరి దక్షిణపు అడవిని కొరుక్కుంటూ నగరం వైపు వస్తుంటే, నియంతృత్వం కూలిన మరుసటి ఏడాది 1990లో జనం వేలల్లో గని దాకా నడిచి ఆపించారు. 1992లో తవ్వకం పూర్తిగా ఆగిపోయింది. ఉద్యోగాలు పోయాయి, గనుల మీద బతికిన కుటుంబాలు చితికిపోయాయి. ఆ బాధ ఇక్కడి ఎన్నికల ఫలితాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. గుంటని మాత్రం అలాగే వదిలెయ్యలేదు. అంచులు సరిచేసి, పక్క గనుల్లో తోడిన నీళ్లు మళ్లించి, ఏళ్ల తరబడి నింపి, 2000 వేసవిలో తెరిచారు. లోతైన చోట యాభై మీటర్ల పైమాటే. లైప్‌జిగ్ చుట్టూ ఇప్పుడు ఇలాంటి చెరువులు వరసగా ఉన్నాయి. వాటిలో ష్టోర్మ్‌టాల్ చెరువు మీద చిన్న చర్చి ఆకారంలో ఒక మండపం తేలుతుంటుంది. దాని కిందివైపెక్కడో మాగ్డెబోర్న్ అనే ఊరుండేది. 1970ల చివర్లో దాన్ని ఇళ్లూ చర్చితో సహా పడగొట్టారు. ఇప్పుడు ఆ తేలే చర్చిలో పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. ఇది ఓదార్పో, వ్యాపారమో తేల్చి చెప్పడం కష్టం. బహుశా రెండూనేమో.

చెరువు దగ్గర మనవాళ్లకి జరిగే మరో అనుభవం చెప్పకపోతే వ్యాసం నిజాయితీగా ఉండదు. ఒడ్డున నడుచుకుంటూ పోతుంటే ఒక బోర్డు, అది దాటగానే ఒంటిమీద నూలుపోగు లేకుండా పేపరు చదువుకుంటున్న తాతగారు, బంతాట ఆడుతున్న దంపతులు, థర్మాస్‌లోంచి కాఫీ వంచుకుంటున్న అమ్మమ్మ. ఊరినుంచి వచ్చిన అత్తామామల్ని తీసుకెళ్లిన అల్లుళ్లు ఆ బోర్డు దగ్గర సైకిల్ వెనక్కి తిప్పిన వేగం చూసి తీరాల్సిందే. దీనికి 'ఎఫ్‌కేకే' అని పొడి అక్షరాల పేరుంది. విస్తరించి చెబితే స్వేచ్ఛా శరీర సంస్కృతి. ఫ్యాక్టరీల పొగలోంచి, బిగుతు బట్టల్లోంచి బయటపడాలని నూరేళ్ల కిందట పుట్టిన ఉద్యమం అది. 1950లలో తూర్పు జర్మనీ పాలకులు బాల్టిక్ తీరంలో దాన్ని నిషేధించాలని చూశారు గానీ జనం లెక్కచెయ్యలేదు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి దానికి నియమాలు రాసింది. మాట్లాడే స్వేచ్ఛ లేని దేశంలో జనం గెలుచుకున్న ఒకే ఒక్క స్వేచ్ఛ ఇదని పాతవాళ్లు సగం వేళాకోళంగా అంటారు.

సోమవారం. ఆఫీసు నుంచి వచ్చే దారిలో నికొలాయి చర్చి. లోపలి స్తంభాలు పైకి వెళ్లేకొద్దీ తాటి మట్టల్లా విచ్చుకుంటాయి. అలాంటి స్తంభమే ఒకటి బయట చౌకులో ఒంటరిగా నిలబడి ఉంటుంది, చర్చి గోడ దాటి వీధిలోకి నడిచొచ్చినట్టు. 1982 నుంచి ఇక్కడ సోమవారం ఐదింటికి శాంతి ప్రార్థనలు. మొదట్లో పట్టుమని పదిమంది వచ్చినా గొప్పే. 1989 శరత్కాలానికి అవి ప్రార్థనలుగా మొదలై ఊరేగింపులుగా ముగిసేవి. అక్టోబరు 9న ఏమవుతుందోనని ఊరంతా బిక్కుబిక్కుమంది. నాలుగు నెలల ముందే బీజింగ్‌లో తియానన్మెన్ చౌకులో కాల్పులు జరిగాయి, ఇక్కడి పాలకులు వాటిని సమర్థించారు. ఆ సాయంత్రం తుపాకులతో బలగాలు ఎదురుచూస్తుండగా కనీసం 70 వేల మంది, చేతుల్లో కొవ్వొత్తులతో, పాత కోట చుట్టూ వేసిన వలయ రహదారి మీద నడిచారు. గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా నడిపే కుర్ట్ మజూర్, ఇంకో ఐదుగురు కలిసి రాసిన శాంతి విజ్ఞప్తి లౌడ్‌స్పీకర్లలో వినిపించింది. ఒక్క తూటా పేలలేదు. సరిగ్గా నెల తర్వాత, నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరుచుకుంది. మన పత్రికలు గోడ ఫొటోలు వేశాయి గనక ప్రపంచం బెర్లిన్‌ని గుర్తుపెట్టుకుంది. లైప్‌జిగ్ వాళ్లకి ఆ సంగతి మీద కొంచెం గుర్రు.

అదే రహదారి మీద ఇప్పుడు నాలుగో నంబరు ట్రాము కోసం నిలబడి కొత్తిమీర కట్ట ఎక్కడ దొరుకుతుందని ఫోనులో అడుగుతుంటారు మన పిల్లలు. జర్మనీలో చదువుకునే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే ఎక్కువ. 2023-24లో దాదాపు 50 వేలమంది. వాళ్లకి లైప్‌జిగ్‌లో కొత్తిమీర, బెండకాయలు, పచ్చిమిరపకాయలు చాలాసార్లు దొరికేది వియత్నాం వాళ్ల కొట్లో. ఆ కొట్టు అక్కడికెలా వచ్చిందంటే, 1980లో తూర్పు జర్మనీ వియత్నాంతో ఒప్పందం చేసుకుని కార్మికుల్ని తెచ్చుకుంది. 1989 నాటికి దాదాపు 60 వేలమంది. బట్టల మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పని, వేరే హాస్టళ్లలో బతుకు. ఆడకూతురు గర్భవతి అయితే తీయించుకోవాలి, లేదా దేశం విడిచిపోవాలి. సోదర సోషలిస్టు దేశాల స్నేహం అని పోస్టర్ల మీద రాసుకున్న కాలంలోనే ఈ షరతు. గోడ కూలగానే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, చాలామంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు పూలూ కూరగాయలూ అమ్ముకుని నిలదొక్కుకున్నారు. బేరం చెయ్యకుండా ఆ బెండకాయలు కొనుక్కోవడం మర్యాద.

ఈ నగరంలో వేసవి అసలు రుచి మాత్రం ఈ చెరువుల్లో లేదు, కంచె వెనక తోటల్లో ఉంది. రైలు పట్టాల పక్కన, కాలవ గట్ల మీద, అపార్ట్‌మెంట్ల వెనక వందల కొద్దీ చిన్న చిన్న మళ్లు, ఒక్కోదాంట్లో బొమ్మరిల్లంత చెక్క ఇల్లు, జెండా కర్ర, టమాటా కర్రలు. కొత్తవాళ్లు వీటిని చూసి పేదల గుడిసెలనుకుంటారు. ఇవి ష్రేబర్ తోటలు. పుట్టిల్లు లైప్‌జిగ్గే. దేశం మొత్తం మీద ఇలాంటి సంఘాల తోటలు దాదాపు 9 లక్షలు. ఈ ఒక్క ఊళ్లోనే 200 పైచిలుకు సంఘాలు.

ష్రేబర్ డాక్టరు (1808-1861) తన జన్మలో ఇలాంటి తోట ఒక్కటీ వెయ్యలేదు. ఎముకల వైద్యుడు ఆయన. పిల్లలు నిటారుగా కూర్చోవాలని పట్టీలూ బిగింపులూ కనిపెట్టిన కఠినాత్ముడు. ఆయన కొడుకు పెద్ద జడ్జీ అయ్యి, ఆ తర్వాత మతి చెడి, తన పిచ్చి గురించి తానే పుస్తకం రాసుకున్నాడు. ఫ్రాయిడ్ 1911లో దాని మీద పెద్ద వ్యాసమే రాశాడు. అది వేరే కథ. డాక్టరు పోయిన మూడేళ్లకి, 1864లో, హౌషిల్డ్ అనే బడిపంతులు ఫ్యాక్టరీల ఊళ్లో పిల్లలకి ఆడుకునే జాగా కావాలని తల్లిదండ్రుల్ని పోగేసి ఒక సంఘం పెట్టి, దానికి పోయిన డాక్టరు పేరు తగిలించాడు. ఆటస్థలం అంచున గెసెల్ అనే మరో పంతులు పిల్లల చేత మొక్కలు వేయించాడు. పిల్లలకి రెండు వారాల్లో విసుగొచ్చింది. కలుపు తియ్యడానికి తల్లిదండ్రులే వంగారు. మళ్లు పెద్దవాళ్లవైపోయాయి, కంచెలు లేచాయి, చివరికి పిల్లల ఆటస్థలం కన్నా తోటలే ఎక్కువయ్యాయి. పెద్దవాళ్లు పిల్లల బొమ్మ లాక్కోవడమంటే ఇదే.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తిండి కరువై ఈ మళ్లల్లోని బంగాళాదుంపలే జనాన్ని నిలబెట్టాయి. ఆదివారాన్ని కాపాడిన ఆ 1919లోనే కౌలుదారుల్ని ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకుండా, కౌలు పెంచకుండా చట్టమొచ్చింది. నాజీలొచ్చాక యూదులకి ఈ సంఘాల్లో చోటు లేకుండా పోయింది. ఆ తోటల్లోనే, బెర్లిన్‌లోని ఒక చెక్క ఇంట్లో, హాన్స్ రోజెంతాల్ అనే యూదు కుర్రాడు 1943 నుంచి యుద్ధం ముగిసేదాకా దాక్కుని బతికాడు. అన్నం పెట్టి దాచింది ఆ తోటల్లోని ఆడవాళ్లు. తర్వాత రోజుల్లో జర్మనీ అంతా ఇష్టపడిన టీవీ వ్యాఖ్యాత అతనే. బాంబులకి ఇళ్లు పోయినవాళ్లు యుద్ధమయ్యాక ఏళ్ల తరబడి ఈ చెక్క ఇళ్లలోనే కాపురాలు చేశారు.

ఇప్పుడున్న చట్టం 1983ది. మడి 400 చదరపు మీటర్లు దాటకూడదు. ఇల్లు వసారాతో కలిపి 24 చదరపు మీటర్లే, అందులో స్థిరంగా కాపురం పెట్టడానికి వీల్లేదు. మడిలో కనీసం మూడో వంతు కాయగూరలకీ పండ్లకీ వదలాలి; మొత్తం గడ్డి పరిచి కుర్చీలేసుకుంటే సంఘం వాళ్లు ఉత్తరం రాస్తారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా చప్పుడు చెయ్యొద్దని చాలా సంఘాల నియమం. ఈ మధ్య కొన్ని తెలుగు కుటుంబాలు కూడా వరసలో పేరు రాయించుకుని, నెలలూ ఏళ్లూ ఎదురుచూసి మళ్లు సంపాదించుకున్నాయి. మెంతికూర, తోటకూర బాగానే లేస్తాయి. గోంగూరకి ఈ ఎండ చాలదు. పక్కమడి ముసలాయన కంచె మీదుగా ఒరిగి, "ఇది కలుపు కదా?" అని తోటకూర చూపిస్తాడు. వారం తర్వాత పప్పులో వేసి గిన్నె పంపిస్తే ఎర్రటి కరెంట్ పళ్ల డబ్బా ఒకటి తిరిగొస్తుంది. జర్మన్ క్లాసుల్లో ఆరునెలలు నేర్వని మాటలు ఈ కంచె దగ్గర ఒక్క వేసవిలో వచ్చేస్తాయి.

వారం మధ్యలో సాయంత్రం నడకకి ఫోకెబెర్గ్ గుట్ట. దక్షిణపు వీధుల మధ్యలో హఠాత్తుగా లేచే ఈ కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ దారి, పైన గడ్డి, దూరాన 91 మీటర్ల యుద్ధ స్మారకం. కొండ కాదిది, ఊరి శిథిలాలు. 1943 డిసెంబరు 4 తెల్లవారుజామున పడిన బాంబుల్లోనూ, ఆ తర్వాతి దాడుల్లోనూ కూలిన ఇళ్ల ఇటుకలూ రాళ్లూ యుద్ధమయ్యాక ఇక్కడ తెచ్చి పోశారు. వాన కురిసిన మర్నాడు దారి పక్క మట్టిలో పింగాణీ టైలు ముక్కలు తళుక్కుమంటాయి. ఎవరి వంటింటివో. పైన కూర్చుని బీరు తాగే కుర్రాళ్లు ఖాళీ సీసాని చెత్తబుట్టలో వెయ్యరు, పక్కన నిలబెడతారు. కొట్లో తిరిగిస్తే మామూలు బీరు సీసాకి 8 సెంట్లు, ప్లాస్టిక్ సీసాకో డబ్బాకో 25 సెంట్లు వస్తాయి. ఏరుకునే పేదవాడు చెత్తలో చెయ్యి పెట్టే పని లేకుండా ఈ మర్యాద.

ఆ దూరపు స్మారకం నెపోలియన్ ఓడిన 1813 యుద్ధానిది, శతాబ్ది నాడు 1913లో తెరిచారు. జర్మన్ల విజయమని దాని మీద ఎంత గర్వం ఒలకబోసినా ఒక్క చిక్కుంది: ఆ యుద్ధంలో సాక్సనీ రాజు నెపోలియన్ పక్షాన ఉన్నాడు. అంటే ఈ ఊరివాళ్లు తమ రాజు ఓటమికి ఇంత పెద్ద గుర్తు కట్టుకున్నారన్నమాట.

దిగొచ్చాక దాహమైతే ఈ ఊరి పాతకాలపు 'గోజె' బీరు అడగాలి. పుల్లగా ఉంటుంది, ఉప్పు వేస్తారు, ధనియాలు కూడా వేస్తారు. మజ్జిగ తాగి పెరిగినవాళ్లకి మొదటి గుక్కలోనే నచ్చుతుంది. 1966లో దీన్ని కాచేవాళ్లు లేక మాయమైపోతే, ఇరవై ఏళ్లకి ఒక పాత తాగుడు హోటల్ని బాగుచేసి మళ్లీ బతికించారు. బేకరీల్లో అమ్మే 'లెర్షె' అంటే భరతపక్షి. ఒకప్పుడు నిజంగానే ఆ పిట్టల్ని పట్టి కాల్చుకుతినేవారు. 1876లో రాజు వేట నిషేధించాక బేకరీవాళ్లు బాదం ముద్దతో అదే ఆకారం చేసి, పేరు మాత్రం ఉంచుకున్నారు.

సెంటర్‌లో నడిచేటప్పుడు కింద చూసుకుంటూ నడవడం ఇక్కడ అలవాటవుతుంది. కాలిబాట రాళ్ల మధ్య అరచెయ్యంత ఇత్తడి బిళ్లలు, ఒక్కోదాని మీద ఆ ఇంట్లో ఉండి నాజీల చేతిలో పోయిన మనిషి పేరు, పుట్టిన ఏడు, తీసుకెళ్లిన చోటు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో మొదలుపెట్టిన పని అది. 2023కి యూరప్‌లో లక్ష దాటాయి. గాట్షెడ్ వీధిలో 140 ఖాళీ కంచు కుర్చీలు వరసగా ఉంటాయి. 1938 నవంబరులో తగలబెట్టిన సినగాగు అక్కడుండేది. వేసవిలో వాటి చుట్టూ కేఫ్‌ల బల్లలే, నవ్వులే. మొదట్లో మనకి అది తప్పుగా తోస్తుంది. టోమాస్ చర్చి దగ్గర సంగీతకర్త మెండల్సన్ విగ్రహం చూసినా అంతే, పాతదనుకుంటాం. పాతదాన్ని 1936లో, ఆయన యూదు వంశంలో పుట్టినందుకు, మేయరు ఊళ్లో లేనప్పుడు నాజీలు పీకేశారు. ఆ మేయరు కార్ల్ గోర్డెలర్ పదవి వదిలేశాడు. హిట్లర్ మీద కుట్రలో చేరి 1945 ఫిబ్రవరిలో ఉరికంబమెక్కాడు. ఇప్పుడున్న విగ్రహం 2008లో నిలబెట్టింది.

శనివారం మళ్లీ వచ్చింది. ఈసారి రైలు హాలెకి. నెలకో టికెట్టుతో దేశంలో లోకల్ రైళ్లన్నీ ఎక్కే సదుపాయం 2023లో 49 యూరోలకి మొదలైంది, తర్వాత ధర పెంచుతూ పోయారు. 2022 వేసవిలో మూడు నెలలైతే తొమ్మిది యూరోలకే ఇచ్చారు. జనం కిక్కిరిసి ప్రయాణం చేసిన ఆ మూడు నెలలూ కాచిగూడ ప్యాసింజర్ని గుర్తుచేశాయని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

హాలె ఊరికి హాండెల్ సంగీతమంటే గర్వం. తెలుగువాడు వెళ్లాల్సింది మాత్రం ఫ్రాంకె సంస్థల ఆవరణకి. ఔగుస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాస్టరు 1698లో అనాథ పిల్లల కోసం మొదలుపెట్టిన చోటు అది. బడులు, మందుల తయారీ, అచ్చాఫీసు, గ్రంథాలయం... ఒక పేటంత పెరిగింది. తమిళ తీరంలోని తరంగంబాడికి వెళ్లిన తొలి లూథరన్ మిషనరీలు ఇక్కడి మనుషులే. వాళ్ల తర్వాత 1719లో వెళ్లిన బెంజమిన్ షుల్జె మద్రాసులో స్థిరపడి, అక్కడ తెలుగు నేర్చుకుని, 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో హాలెకి తిరిగొచ్చి, 1746-47లలో ఇక్కడ చిన్న చిన్న తెలుగు మత పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. సి.పి. బ్రౌన్ పుట్టడానికి అర్ధశతాబ్దం ముందు, మద్రాసులో కాదు, మచిలీపట్నంలో కాదు, బెండకాయ పేరు కూడా వినని ఈ ఊళ్లో.

ఆ వ్యాకరణం మాత్రం రాతప్రతిగానే ఉండిపోయి, 1984లో గానీ వెలుగు చూడలేదు. అప్పటికి ఇది తూర్పు జర్మనీ. పాస్టరు కట్టిన పొడవాటి కర్రల మేడ పైకప్పు కారుతూ, గోడలు ఉబ్బి, ఇవాళో రేపో అన్నట్టుండేది. దాని ముఖం ముందు నుంచే ప్రభుత్వం ఫ్లైఓవర్ లాగించింది. 1990 తర్వాత బాగుచేశారు. ఫ్లైఓవర్ అలాగే ఉంది. షుల్జె వ్యాకరణం రాసిన 1728లోనే తెరిచిన గ్రంథాలయం గది ఇప్పటికీ చూడొచ్చు. నాటకం తెరల్లా రెండు వైపులా వరసగా నిలిచిన అలమరాలు, వెల్లం తోలు అట్టల పుస్తకాలు, కిటికీలోంచి వేసవి వెలుతురు. తెలుగు చదవగలిగిన మనిషి ఆ గదిలోకి రావడం ఈ మధ్య పెరిగింది, విద్యార్థుల పుణ్యమా అని.

లైప్‌జిగ్ నుంచి లోకల్ రైలు దాదాపు నలభై నిమిషాలు. అక్కడ దిగాక పావుగంట నడక. వెళ్లాలనుకునేవాళ్లు సోమవారం పెట్టుకోవద్దు, ఆ రోజు మూసి ఉంటుంది. ఆదివారం మాత్రం తీసే ఉంటుంది.